ఒక్క ‘ఏ’కి ఎన్ని ఉచ్చారణలు?

ఈవారం మనం ఒకే ఒక్క అక్షరం గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషు అక్షరమాలలో మొట్టమొదటిది, ‘ఏ’. ఇంత చిన్న అక్షరం గురించి చెప్పడానికి ఏముంటుంది అనుకుంటున్నారా? మా ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య ఓ తలుపు మూయించింది ఈ అక్షరమేనండి.

మేము న్యూజెర్సీకి వచ్చిన కొత్తల్లో సంగతి. మా అమ్మాయి ఒకటో తరగతి. ప్రతి శుక్రవారం బడిలో స్పెల్లింగ్ టెస్ట్ ఉండేది. గురువారం రాత్రి అన్నాలయ్యాక నేను మాటలు చెప్పడం, అది రాయడం. ఒకరోజు వంటింటి పెనానికి వాడే మాట, పి-ఏ-ఎన్, చెప్పాను. అది పి-ఏ-ఐ-ఎన్ అని రాసింది. అంటే నొప్పి! మనిషి అనే మాట, ఎం-ఏ-ఎన్, చెబితే ఎం-ఏ-ఐ-ఎన్ అని రాసింది. “ఇంత తేలిక మాటలు కూడా రావా?” అని కసిరాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని, “నువ్వు అలాగే చెప్పావమ్మా” అంది. నేను నమ్మలేదు.

తరువాతి గురువారం కాగితం పట్టుకుని వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పుడు తగిలింది నాకు.

నేను గోదావరి జిల్లాలో తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. మా ఊళ్ళో అందరం ఫేను, బేంకు, బేగు అనేవాళ్ళం. ఆ లెక్కన పెనాన్ని ‘పేన్’ అన్నాను. పిల్ల విన్నది విన్నట్టు రాసింది. తప్పు దాని రాతలో లేదు, నా నోట్లో ఉంది.

అసలు మనకి ఈ చిక్కు ఎందుకు వస్తుంది? తెలుగులో దాదాపు ఎలా రాస్తే అలా చదువుతాం. ఇంగ్లీషులో అచ్చుల అక్షరాలు అయిదే గాని, ధ్వనులు డజనుకు పైనే. పైగా వాళ్ళ రాత ఒకచోట ఆగిపోయింది, పలుకు ముందుకి వెళ్ళిపోయింది. ఇంగ్లండులో విలియం కాక్స్టన్ 1476లో అచ్చుయంత్రం పెట్టాడు. అప్పటినుంచి స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి. కాని సుమారు 1400 నుంచి 1700 దాకా దీర్ఘాచ్చుల పలుకు మారుతూనే ఉంది. ఇప్పుడు ‘నేమ్’ అంటున్న మాటని ఒకప్పుడు వాళ్ళు ‘నామ’ అన్నట్టు పలికేవారు. మన ‘నామం’ గుర్తొచ్చింది కదూ? నిజంగానే ఆ రెండూ చుట్టాలు. పలుకు మారినా పాత ‘ఏ’ మాత్రం అలాగే ఉండిపోయింది.

సరే, ఇప్పుడు ఆ ‘ఏ’ ఎక్కడెక్కడ ఎలా పలుకుతుందో చూద్దాం. పక్కన ఎవరున్నారో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చివర పలకని ‘ఈ’ ఉంటే, లేదా పక్కన ‘ఐ’గాని ‘వై’గాని ఉంటే, తన పేరే తను చెబుతుంది: కేక్, రెయిన్, డే. పక్కన ‘ఆర్’ ఉంటే మన ‘ఆ’కి దగ్గర: కార్, పార్క్. రెండు ‘ఎల్’లు ఉంటే నోరు గుండ్రం చేసి ‘ఆ’కీ ‘ఓ’కీ మధ్యన: బాల్, కాల్. ముందు ‘డబ్ల్యూ’ ఉన్నా తరచు ఇంతే: వాటర్, వాచ్. ‘హ్యావ్’ లాంటి మొండి మాటలు కొన్ని ఉంటాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి.

మనం ఎక్కువగా పొరబడేవి ఇంకో రెండున్నాయి. మనం విలేజ్, మెసేజ్, లగేజ్ అని సాగదీస్తాం. అక్కడ ‘ఏ’ దాదాపు ‘ఇ’ అయిపోతుంది: విలిజ్, మెసిజ్, లగిజ్. రెండోది ఊనిక. అరటిపండు మాటలోనూ, కెనడా దేశం పేరులోనూ మూడేసి ‘ఏ’లున్నాయి. మనం మూడింటినీ సమానంగా పలుకుతాం. వాళ్ళు ఒక్కదాన్నే నొక్కి, మిగతా రెంటినీ నీరసమైన ‘అ’గా వదిలేస్తారు. బనానాలో నొక్కేది మధ్యది, కెనడాలో మొదటిది.

ఇక నన్ను ఏడిపించిన ‘ఏ’ దగ్గరికి వద్దాం. పిల్లి, టోపీ, సంచి, పెనం, వీటి ఇంగ్లీషు మాటల్లో ఉండే ‘ఏ’. దీనికి తెలుగులో ప్రత్యేకమైన అక్షరం లేదు. అందుకే ‘క్యాట్’ అని య వత్తు అరువు తెచ్చుకున్నాం. ఆ వత్తుని చూసి నిజంగా ‘య’ పలికితే మళ్ళీ తప్పే.

అక్షరం లేదు గాని, ధ్వని మన ఇంట్లోనే ఉందండి! ‘వచ్చాడు’ అనండి. పుస్తకం చదివినట్టు కాదు, ఇంట్లో మాట్లాడినట్టు. ఇప్పుడు ‘చాప’ అనండి. రాసేది రెండుచోట్లా ‘చా’యే. చాపలో నోరు నిలువుగా తెరుచుకుంటుంది. వచ్చాడులో పెదాలు పక్కలకి సాగి, నాలుక ముందుకొస్తుంది. అదే ఆ ధ్వని! దాన్నే కొంచెం పొట్టిగా అంటే పిల్లి వచ్చేస్తుంది. ‘వచ్చిండు’ అనే తెలంగాణ శ్రోతలు ‘మేక’, ‘మేకు’ అని చూడండి. మేకులో ‘ఏ’ కన్నా మేకలో ‘ఏ’కి నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి ఇంకాస్త తెరిస్తే చాలు.

ఇది తెలిశాక నేను మా అమ్మాయి తలుపు తట్టాను. “నువ్వు రాసిందే కరెక్టు, నేనే తప్పు పలికాను. నాకు నేర్పుతావా?” అన్నాను. వెంటనే టీచరమ్మ అయిపోయింది. ఆ నెలంతా గురువారాలు నేను చెప్పడం, అది దిద్దడం. మీ పిల్లలు మిమ్మల్ని దిద్దితే చిన్నబుచ్చుకోకండి. మనం మాట్లాడడం మానేస్తే పోయేది ఇంగ్లీషు కాదు, పిల్లలు.

కొన్నేళ్ళ తరువాత మా అమ్మాయి తెలుగు చదవడం మొదలుపెట్టింది. ‘రాముడు వచ్చాడు’ అనే వాక్యాన్ని కూడబలుక్కుని, వచ్చాడులో చాపలోని ‘చా’ పలికింది. నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. “అక్కడ క్యాట్‌లో ‘ఏ’ పెట్టి చూడమ్మా” అన్నాను. ఒక్కసారికే వచ్చేసింది.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. అందాకా సెలవు. నమస్కారం.