ఒకే దినమున పుట్టిన ఇరువురు

మన బడి ప్రవేశ పట్టికలో ఒకే తేదీన పుట్టిన పిల్లలు తరచుగా కనబడుదురు. ఇందు వింత లేదు. 23 మంది గల తరగతిలో 253 జంట లేర్పడును గనుక, ఏ యిద్దరికైనను పుట్టినరోజు ఒకటి యగుటకు సగమునకు మించిన అవకాశము కలదని గణితము చెప్పుచున్నది.

అట్టివారి బ్రతుకులు ఒకే తీరుగ నుండునా? 1809 ఫిబ్రవరి 12వ తేదీన అమెరికాలోని కెంటకీలో దుంగల గుడిసెలో అబ్రహాం లింకను, ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో సంపన్న వైద్యుని యింట చార్లెస్ డార్విన్ జన్మించిరి. లింకను బడిలో చదివినది అంతయు కలిపినను ఏడాదికి మించదు. ఎరువు తెచ్చుకొన్న పుస్తకములు చదివి న్యాయవాది యయ్యెను. 1861లో దేశాధ్యక్షుడై, 1863లో తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని ప్రకటించెను. డార్విన్ తండ్రి కోరిన వైద్యవిద్యను విడిచి, 1831 మొదలు 1836 వరకు బీగిల్ నౌకపై లోకము చుట్టివచ్చి, 1859లో జీవజాతుల పుట్టుకను వివరించు గ్రంథమును వెలువరించెను. కలిమిలేములు వేరు, త్రోవలు వేరు. బానిసత్వమును ఏవగించుకొనుటలో మాత్రము ఇరువురును ఒక్కటే.

ఒక తండ్రి “వీని జాతకమున చదువు లేదండీ” యని కుమారుని బడి మాన్పింప వచ్చినపుడు నేనీ కథ చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ బాలుడిపుడు పదవ తరగతిలో నున్నాడు.