రాత్రి తొమ్మిదింటి ఫోన్

రాత్రి తొమ్మిదైందంటే అశోక్‌నగర్ హాస్టళ్లలో అందరి ఫోన్లూ మోగుతాయి. ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ఫోన్. "ఆఁ తిన్న... ఆఁ చదువుతున్న..." ప్రతి గదిలోనూ ఇవే మాటలు. మా ఇల్లు చిక్కడపల్లిలో, సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర. గ్రూప్స్‌కి చదివే అన్నల్ని, అక్కల్ని చూస్తూనే పెరిగాను. వాళ్లలో మా పెద్దనాన్న కొడుకు కూడా ఒకడవుతాడని మాత్రం అనుకోలేదు.

స్క్రీన్ మీద "నాన్న" అని కనిపించగానే అన్న చెయ్యి వణుకుతుంది. తినడం ఆగిపోతుంది. పెద్దనాన్న ఇప్పుడు తిట్టడం కూడా లేదు. "పరీక్ష ఎప్పుడట?" అని అడుగుతాడు, అంతే. కానీ అన్నకి ఇంటర్ ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టులు పోయిన రోజు, వాడకట్టు మొత్తం చూస్తుండగా ఆయన బెల్టు తీశాడు. అది జరిగి పదేళ్లయింది.

మొన్న ఎండాకాలంలో అన్న నారాయణగూడలో ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. నేను తోడు వెళ్లి బయట కూర్చునేవాణ్ణి. మన ఈ-మ్యాగజైన్ కోసం అడిగితే మేడమ్ ఒక గంట మాట్లాడారు. తన పేరు రాయకూడదు, ఎవరి కేసు గురించీ అడగకూడదు అన్నారు. అన్న సంగతి అన్నే చదివి "వేస్కో" అన్నాకే ఇక్కడ పెడుతున్నా.

గాయం ఎక్కడుంది?

ట్రామా అంటే గ్రీకులో గాయం. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికన్ సైనికుల బాధల మీద చాలా చర్చ నడిచాక, 1980లో పీటీఎస్‌డీ అనే పేరు అక్కడి మానసిక వైద్యుల అధికారిక జాబితాలో చేరింది. అందుకే నేను ట్రామా అంటే యుద్ధం, యాక్సిడెంటు, వరద అనుకునేవాణ్ణి.

"జరిగిన సంఘటన ఒకటి, అది మనలో మిగిల్చింది ఇంకొకటి" అన్నారు మేడమ్. ఒకే బస్సు ప్రమాదం నుంచి బయటపడ్డ ఇద్దరిలో ఒకరు నెలకి తేరుకోవచ్చు, ఇంకొకరు ఏళ్లపాటు బస్సెక్కలేకపోవచ్చు. ఆ తర్వాత పక్కన ఎవరైనా ఉన్నారా, ఏం జరిగిందో చెప్పుకునే వీలుందా అనేదాన్ని బట్టి చాలా తేడా వస్తుందట.

మన సీఎస్ఈ భాషలో నాకు ఇలా అర్థమైంది. ప్రాసెసర్‌కి ఇంటరప్ట్ వస్తే చేస్తున్న పని ఆపేసి దాని వైపు వెళ్తుంది కదా. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టి అలాంటి ఇంటరప్టే పంపుతుంది. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. "ఇది మామూలు ఫోనే" అని ఆలోచించే భాగం అందుకునేలోపే చెయ్యి వణికిపోతుంది. పాత ప్రమాదం పోయినా దానికి రాసిన కోడ్ ఇంకా రన్ అవుతూనే ఉంది.

అయితే మేడమ్ ఒక హెచ్చరిక కూడా చేశారు. "ప్రతి బాధకీ ట్రామా అని పేరు పెట్టకండి. బ్యాక్‌లాగ్ వచ్చి ఏడిస్తే అది బాధ. నాలుగు రీల్స్ చూసి మీకు మీరే జబ్బు తేల్చుకోవద్దు."

ఇంట్లో తగిలిన దెబ్బ

1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే డాక్టర్లు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. మొత్తం మీద 17 వేలమందికి పైగా అందులో పాల్గొన్నారు. చిన్నప్పుడు ఇంట్లో కొట్టడం, అవమానించడం, తల్లి మీద హింస, తాగుడు లాంటివి ఎన్ని రకాలు ఎక్కువగా ఎదురైతే, పెద్దయ్యాక డిప్రెషన్ దగ్గర్నుంచి గుండెజబ్బు దాకా అంత ఎక్కువ ముప్పు కనిపించింది. "కానీ అది జాతకం కాదు. ముప్పు ఎక్కువని చెబుతుంది, నీకు ఇదే జరుగుతుందని చెప్పదు" అన్నారు మేడమ్.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నోరు మూసుకుంటాం. పెద్దనాన్న కూడా అంతే. పొలం పని కోసం ఆయన చదువు పదో తరగతిలో ఆపేశారని అన్నకి ఈ మధ్యే తెలిసింది. అంటే ఆ రోజు బెల్టు తీయడం తప్పు కాదా? అదే అడిగాను. "కారణం తెలుసుకోవడం వేరు, తప్పు మాఫీ చేయడం వేరు. మొదటిది చేస్తే రెండోది చేసి తీరాలని లేదు" అన్నారు.

అతుకు

1970లలో ఎడ్ ట్రోనిక్ అనే సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశాడు. పాపతో ఆడుకుంటున్న తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా కాసేపు ఉండిపోతుంది. పాప నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, ఏడుస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. తల్లి మళ్లీ నవ్వగానే మెల్లగా దగ్గరవుతుంది. బాగా కలిసుండే తల్లీబిడ్డలు కూడా సుమారు 30 శాతం సమయమే ఒకరికొకరు సరిగ్గా అందుతారని ఆయన పరిశోధనలో తేలింది. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. తెగకపోవడం కన్నా, తెగినప్పుడు అతికే అలవాటే బంధాన్ని నిలబెడుతుంది.

ఇది విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అతుకు వేయడానికి పదేళ్లు ఆలస్యమైనా ఫర్వాలేదేమో.

అన్న ఒక రాత్రి ధైర్యం చేసి అన్నాడు, "నాన్నా, ముందు తిన్నవా అని అడుగు. పరీక్ష సంగతి తర్వాత అడుగు." అటువైపు నుంచి చప్పుడు లేదు, ఫోన్ కట్. రెండు రోజులు కాల్ రాలేదు. మూడో రోజు తొమ్మిదింటికి మోగింది. "ఏం కూర?" అన్నాడు పెద్దనాన్న. వెంటనే, "పరీక్ష ఎప్పుడట?" అన్న నవ్వాడు. నేను పక్కనే ఉన్నా. చెయ్యి వణికింది, కానీ అన్నం కలపడం ఆపలేదు.

మనకి అవసరమైతే

మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు. మాట్లాడుతూ చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగి చూడండి, అడగడం తప్పేం కాదు. డబ్బుల్లేకపోతే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. టెలిమానస్ నంబర్ 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే చెయ్యండి.

మన హాస్టల్లో కూడా తొమ్మిదింటికి ఫోన్లు మోగుతాయి. పక్క బెడ్ మీద వాడు ఫోన్ పెట్టేశాక ప్లేటు పక్కకి తోసేస్తే, "ఏమైందిరా?" అని ఒక్కసారి అడగండి.