సెప్టిక్ ట్యాంకు తనిఖీ

ఇల్లు కొనుటకు ముందు మరుగుదొడ్డి మురుగు చేరే ట్యాంకును పరిశీలించుటను సెప్టిక్ ట్యాంకు తనిఖీ అంటారు. ట్యాంకులో ఘనపదార్థము అడుగున మడ్డిగా పేరుకొంటుంది; పైనున్న నీరు ఇంకుడు గుంతలోనికి పోతుంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు వంటి డెల్టా పట్టణాలలో భూగర్భజలము పైపైనే ఉండుట వలన, వర్షాకాలములో ఆ నీరు ఇంకక వెనుకకు తన్నవచ్చును. సమీపములోని బావిని, బోరును కలుషితము చేయవచ్చును. అందువలన లోపములు వానాకాలములోనే బాగుగా బయటపడతాయి.

తనిఖీలో గోడల పగుళ్ళు, మడ్డి మట్టము, గాలిగొట్టము, బావికి గల దూరము, నీరు గుంతకు పోవుచున్నదా లేక వీధి కాలువకా అన్నవి చూడవలెను. సాధారణముగా రెండు మూడేళ్ళకొకసారి మడ్డి తీయించవలెను.

ట్యాంకు భూమిలో ఉండుట వలన దాని లోపము కొనువారికి కనబడదు. మామూలు జాగ్రత్తతో కొనువారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపము తనకు తెలిసియున్నచో, అమ్మువారు దానిని చెప్పవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను నిర్దేశిస్తుంది.

ట్యాంకులోని విషవాయువులు ప్రాణాంతకము కావున తనిఖీ పైనుండియే జరపవలెను. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దింపి శుభ్రము చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము.