చుక్కలూ గీతలూ చెప్పే చరిత్ర

చార్మినార్ నుంచి పడమరగా సాగే లాడ్ బజార్ సందులుగా చీలినట్టే, పలువురు కలిసి రాసే సాఫ్ట్‌వేర్ కూడా శాఖలుగా చీలుతుంది. అయితే ఆ శాఖలు మళ్లీ ఒకటవుతాయి. ఈ మార్పులన్నింటినీ వరుసగా భద్రపరిచే పద్ధతిని వెర్షన్ కంట్రోల్ అంటారు. లైనక్స్ కెర్నల్ అభివృద్ధి కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ ఈ కోవకు చెందినదే.

గాజుల దుకాణం వెబ్‌సైటును ఇద్దరు తయారు చేస్తూ, ఒకరు ధరలు సవరించి, మరొకరు లక్క గాజుల చిత్రాలు చేర్చి, చివరకు రెండింటినీ కలిపారనుకుంటే, అక్షరాలతోనే పనిచేసే టెర్మినల్ తెరపై ‘గిట్ లాగ్ --గ్రాఫ్’ ఆదేశం ఆ చరిత్రను, ఇతర వివరాలు తీసేస్తే, ఇలా గీస్తుంది:

```
*   విలీనం
|\
| * ధరల సవరణ
* | చిత్రాల చేర్పు
|/
* తొలి రూపం
```

ఇందులో నక్షత్రపు గుర్తు కమిట్‌ను, అంటే భద్రపరిచిన ఒక దశను, నిలువు గీత శాఖ కొనసాగింపును, ఏటవాలు గీతలు చీలికనూ కలయికనూ సూచిస్తాయి. కొత్తది పైన, పాతది కింద ఉంటుంది కనుక కథను కింది నుంచి చదవాలి.

తొలిది తప్ప ప్రతి కమిట్ తనకు ముందున్న మాతృ కమిట్ గుర్తింపు సంఖ్యను దాచుకుంటుంది. విలీన కమిట్‌కు సాధారణంగా రెండు మాతృకలుంటాయి కాబట్టి గిట్ అక్కడ రెండో నిలువు వరుసను తెరచి, ఉమ్మడి మాతృక రాగానే మూసివేస్తుంది. సంతానమంతా కనిపించాకే మాతృకను చూపడం ఈ పటం నియమం.

తెలుగు అక్షరాల వెడల్పు టెర్మినల్ గడుల్లో సరిగా ఇమడకపోయినా, గీతలు వాక్యానికి ఎడమవైపునే ఉంటాయి కనుక, తెలుగులో రాసిన వివరణల వల్ల ఈ పటం చెదరదు.