దారి చూపు పాత యంత్రము

ఉట్నూరు నుండి కేస్లాపూరు నాగోబా సన్నిధికి గాని, కొండలలోని గూడెములకు గాని మోటారు సైకిలుపై పోవువారికి పాత జీపీఎస్ యంత్రము నేటికిని మంచి తోడు. సెల్‌ఫోను సంకేతము అందని చోటను అది పనిచేయును. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో నాలుగింటి సంకేతములు అందిన చాలును, తానున్న తావును లెక్కగట్టును.

చాలకాలము వాడని యంత్రమును ఆకాశము విశాలముగా కనబడు చోట పావుగంట కదలక ఉంచవలెను. పిమ్మట హ్యాండిలుకు గట్టిగా బిగించి, జారిపడకుండ త్రాటితో కూడ కట్టవలెను. తేది తప్పుగా చూపిన బెదరవలదు. 1,024 వారములకొకసారి సున్నకు వచ్చు లెక్క 2019 ఏప్రిలులో మరల మొదలైనది. పెక్కు యంత్రములలో తావు మాత్రము సరిగనే యుండును.

అసలు జాగ్రత్త అంకెలయందు వలయును. ఉట్నూరు అక్షాంశము సుమారు 19.37 డిగ్రీలు, అనగా 19 డిగ్రీల 22 నిమిషములు. దానిని 19 డిగ్రీల 37 నిమిషములని ఎక్కించినచో, తిరుగు ప్రయాణమున యంత్రము మనలను ఊరికి 28 కిలోమీటర్లు ఉత్తరమునకు పంపును. చీకటిపడిన అడవిలో, పెట్రోలు తరిగిన వేళ, అది చిన్న దూరము కాదు. కావున బయలుదేరు చోటనే ఆ తావును యంత్రమున గుర్తు పెట్టుకొని, అంకెలను దానితో సరిచూచుకొనుడు.

మరియొక మాట. పాత యంత్రపు బాణము సూటి దిక్కునే చూపును. నడుమ పొంగు వాగును చూపదు. ఆ సంగతి గూడెపు పెద్దలనే అడుగవలెను.