తుపాను వస్తుంటే ఇల్లెందుకు వదలాలి?

బళ్ళారి దగ్గరి కుడతినికి బంగాళాఖాతం 300 కిలోమీటర్లకు పైగా దూరం. తుపానుకు బలమిచ్చేది వెచ్చని సముద్రపు ఆవిరి. నేల మీదికొస్తే అది అందక బలహీనపడుతుంది. అందుకే అంత లోపలి ఊళ్ళకు సాధారణంగా వానగానే చేరుతుంది. మరి తీరంలో?

అక్కడ గాలికన్నా ఉప్పెనే ప్రమాదం. ఈదురుగాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి నెడుతుంది. 1977 నవంబరు 19న ఆంధ్ర తీరంలోని దివిసీమలో అలాగే వేలమంది ప్రాణాలు పోయాయి.

ఎలా సిద్ధపడాలి? హెచ్చరిక రాగానే మత్స్యకారులు వేట ఆపి, పడవలను మెరక మీదికి లాగి మోకులతో కట్టేస్తారు. ఇళ్ళలో తాగునీళ్ళు పట్టి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టి, రేషన్ కార్డు, మందులు, అగ్గిపెట్టె తడవకుండా పాలిథిన్ సంచిలో చుడతారు. తర్వాత తుపాను షెల్టరుకు చేరాలి. చాలా షెల్టర్లను స్తంభాల మీద కడతారు. ఉప్పెన నీళ్ళు కిందనుంచే పోతాయి, మనుషులు పైన క్షేమంగా ఉంటారు.

గాలి ఉన్నట్టుండి ఆగిపోతే బయటికి రావద్దు! అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికే ఎదురు దిక్కునుంచి గాలి మళ్ళీ విరుచుకుపడుతుంది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో తాకింది. ముందే వేలాది మందిని తరలించడంతో ప్రాణనష్టం దివిసీమకన్నా ఎంతో తగ్గింది. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు. కదలమన్నప్పుడు కదలాలి, పక్కింటి అవ్వనూ తాతనూ వెంట తీసుకెళ్ళాలి.