పిప్పిపంటికి ఏ పూడ్పు తగును?

రైతు సంతలో ఎద్దును బేరమాడునపుడు మొట్టమొదట దాని నోరు తెరచి పండ్లు చూచును. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, కడవాయి దాటినదా యని తేల్చుకొనిన పిమ్మటనే ధర మాట యెత్తును. తన నోటిలోని పండ్ల సంగతి మాత్రము, నొప్పిపుట్టి నిద్ర చెడిన రాత్రివఱకు తలపెట్టడు.

మేమెఱిగిన సభ్యుడొకడు దవడపంటిలో చిన్న గుంటపడగా దంతవైద్యునియొద్దకు పోయెను. “వెండి పెట్టుదునా, సిమెంటు పెట్టుదునా, పంటిరంగు పూడ్పు పెట్టుదునా?” యని వైద్యుడడిగెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వెల. దేనిని కోరవలయునో తోచక, కందులమ్మిన పిదప వత్తునని యతడు తిరిగివచ్చెను. కందులమ్మునప్పటికి పుప్పి నరమును చేరెను. తుదకు పన్నే తీయింపవలసివచ్చెను. పన్ను పోయినందుకంటె, అడుగదగిన నాలుగు మాటలు తెలియక పోయినందుకే యతడు మిక్కిలి చింతించెను. మేము దంతవైద్యులము కాము. సేద్యపు సంగతులు చెప్పువారము. అయినను ఆ నాలుగు మాటలు మన సభ్యులకు అక్కఱకు వచ్చునని తెలిసికొని వ్రాయుచున్నాము.

పంటిని పురుగు తొలుచునను మాట నిజము కాదు. పండ్ల సందులలో నిలిచిన తీపిని, పిండిపదార్థమును కంటికి కానరాని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లము పుట్టించును. ఆ యామ్లము పంటి పైపెంకును కరగించును. పైపెంకునకు నరము లేదు గనుక మొదట నొప్పి తెలియదు. లోపలి మెత్తని భాగమునకు చేరినపుడు చల్లనిది, తీయనిది తగిలిన జివ్వుమనును. నడిమి నరమును ముట్టినపుడు రాత్రులు పోటు పుట్టును. జివ్వుమను దశలో పూడ్పు చాలును. పోటు దశలో నరమును తీసి వేరు శుభ్రపఱచు చికిత్స కావలయును. ఖర్చు పలుమడుగులగును. జిల్లేడుపాలు పోసినను, పొగాకు కుక్కినను చిగురు కాలుటయే గాని గుంట పూడదు.

గుంట పూడ్చుటయన నేమి? కంభం చెరువుకట్టకు బుంగ పడినచో పైన మన్ను కప్పి ఊరకుందుమా? వదులైన మట్టినంతయు త్రవ్విపాఱవైచి, గట్టినేల తగిలిన తరువాతనే దిమ్మిస కొట్టుదుము. పంటికిని అంతే. కుళ్లిన భాగమును తీసి, గట్టిభాగముపై పూడ్పు నిలుపుదురు. ఆ పూడ్పునకు నేడు వాడుకలోనున్న వస్తువులు ముఖ్యముగా మూడు.

మొదటిది వెండిపూడ్పు. దీనిలో సుమారు సగము పాదరసము. తక్కినది వెండి, తగరము, రాగి. ఇది నమలుడు వత్తిడికి బాగుగా నోర్చుకొనును. కొంత తడియున్నను చెడదు. పదియేండ్లకు పైబడి నిలుచుట సామాన్యము. కాని పంటికి తానై అంటుకొనదు. జాఱిపోకుండుటకై గట్టిపంటిని గూడ కొంత చెక్కవలసియుండును. రంగు నలుపు. పూర్తిగా గట్టిపడుటకు ఒక దినము పట్టును గనుక ఆనాడు ఆ వైపున గట్టివి నమలరాదు. పాదరసము వలని కీడును తగ్గించుటకై 2013లో జరిగిన మినమాటా ఒడంబడికలో మనదేశము 2018లో చేరినది. పదునైదేండ్ల లోపు పిల్లలకును, గర్భవతులకును, పాలిచ్చు తల్లులకును దీనిని వాడరాదని ఆ ఒడంబడిక సభ 2022లో తీర్మానించెను. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుండి, వైద్యుడు తప్పనిసరియని తలచినప్పుడు తప్ప, ఇది నిషిద్ధము. అయినను పూర్వము పెట్టించుకొని చెక్కుచెదరక యున్న వెండిపూడ్పును భయముచే తీయించుకొనుట తెలివి కాదు. తీయునపుడే పాదరసపు ఆవిరి యెక్కువగా వెలువడును. మంచి పన్ను గూడ కొంత తఱుగును.

రెండవది గాజు సిమెంటు. విల్సన్, కెంట్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు 1972లో దీనిని ప్రకటించిరి. ఒక విధమైన గాజుపొడిని ఆమ్లద్రవముతో కలిపి చేయుదురు. ఇది పంటికి తానై అంటుకొనును, కొలది కొలదిగ ఫ్లోరైడును విడుచును, వెల తక్కువ. ఱంపపు యంత్రము లేకయే, చేతి పనిముట్లతో కుళ్లును గీకి దీనిని నింపు పద్ధతి 1980ల దశకమున టాంజానియాలో మొదలై పల్లెల కుపయోగపడినది. లోపమేమనగా, గట్టి నమలుడుకు అరుగును, విఱుగును. పాలపండ్లకును, చిగురు దగ్గఱి గుంటలకును ఇది మేలు. పెద్దవారి దవడపంటిలో పెద్ద గుంటకు చాలదు.

మూడవది పంటిరంగు పూడ్పు. దీనిని కాంపోజిట్ అందురు. మెత్తని గాజు లేక రాతిపొడిని జిగురువంటి పదార్థములో కలిపినది. అమెరికాలో బోవెన్ అను నతడు 1962లో దీనికి దారితీసెను. పొరలు పొరలుగా నింపి నీలికాంతితో గట్టిపఱతురు. చూపునకు పంటివలెనే యుండును. మంచి పంటిని ఎక్కువగా చెక్కనక్కఱలేదు. కాని వెల హెచ్చు. పనికి సమయము పట్టును. నింపునపుడు ఉమ్మితడి తగిలినచో అంటు సడలి, సందులో మరల పుప్పి పుట్టును. తడిసిన గోడకు సున్నము పట్టనట్లే యని తెలియునది.

మన పడమటి సీమవారికి మఱియొక చిక్కు కలదు. నీటిలోని ఫ్లోరైడు వలన మనుష్యులకు కలుగు వ్యాధిని షార్టు మొదలగు వైద్యులు 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. పొదిలి, దర్శి, కనిగిరి ఆనాడు ఆ జిల్లాలోనివే. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు తగినదనియు, వేఱు నీరు దొరకనిచో ఒకటిన్నర వఱకు ఓర్వవచ్చుననియు నేటి భారత ప్రమాణము. దానిని మించిన నీరు త్రాగి పెరిగిన పిల్లల పండ్లపై తెల్లని, గోధుమరంగు మచ్చలు పడును. ఆ మచ్చలు పుప్పి కావు. అవి సామాన్యముగా పెక్కు పండ్లపై ఇరుప్రక్కల నొకేరీతిగా నుండును. పుప్పి యొకచోట మెత్తబడి గుంటయగును. మచ్చను పుప్పియని తలచి చెక్కించుకొనరాదు. పుప్పిని మచ్చయని తలచి ఊరకుండరాదు. మచ్చపండ్లకు కాంపోజిట్ అంటించుట కొంత కష్టము గనుక ఊరి నీటి సంగతి వైద్యునికి ముందుగా చెప్పవలెను.

ఇక ఆ నాలుగు మాటలు. “గుంట నరమునకు ఎంత దూరమున నున్నది? ఆ చోట నమలుడు వత్తిడి యెంత? పూడ్చునంతసేపు తడి లేకుండ ఉంచవీలగునా? ఈ పూడ్పు ఎన్నాళ్లు నిలుచును, చెడిన మరల ఖర్చెంత?” ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములే ఎంపికకు దారి చూపును. ముందుపంటికి కాంపోజిట్; పాలపంటికి గాజు సిమెంటు; పెద్దవారి దవడపంటికి, తడి లేకుండ చేయగలిగినచో కాంపోజిట్, లేనిచో వైద్యుని సలహాపై వెండి. చేత డబ్బు లేనిచో గాజు సిమెంటుతోనైనను గుంట మూయించుకొని, పంట చేతికి వచ్చిన పిమ్మట మార్పించుకొనుట, ఏమియు చేయక వేచియుండుటకంటె ఎంతయో మేలు. కడపలోను విజయవాడలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నవి. కంభము నుండి విజయవాడకు రైలు గలదు.

బుంగ చిన్నదిగా నున్ననాడు తట్టెడు మన్ను చాలును. కట్ట తెగిననాడు ఊరంతయు కూడినను నీరు నిలువదు. ఏ పూడ్పు మేలను ప్రశ్నకు మొదటి జవాబు ఇదియే: వేళకు వేసిన పూడ్పే మేలు.